బండి ఎడమవైపు

జూన్ 4

అక్కకు,

నువ్వు బాగానే ఉంటావని తెలుసు, జబ్బు పడేంత తీరిక నీకెక్కడిది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో మనిద్దరం నాలుగో మాటకే పోట్లాటలోకి దిగుతాం. ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డురాలేవు.

కొత్త కారు వచ్చింది. ముదురు నీలం. నీడలో నల్లగా, ఎండలో సిరా రంగుగా ఉంటుంది. అసలు వారం ముందే రావాల్సింది. తెచ్చుకోవడానికి వెళ్లిన మీ మరిది ఉత్త చేతులతో తిరిగొచ్చారు. షోరూమువాళ్లు ఏదో కాగితం రాలేదన్నారట. ఆ సాయంత్రం ఒకటే వాన. తడిసి ముద్దయి వచ్చి, భోజనం కూడా వద్దని పడుకున్నారు. నేను రోజంతా గుమ్మంలో ఎదురుచూసి ఉన్నానేమో, నాకే ఏడుపొచ్చింది.

ఇప్పుడు నీతో పని పడింది. ఎండలో చూస్తే కారంతా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. ఇంకో సంగతి, కుడివైపు మెరిసినట్టు ఎడమవైపు మెరవడం లేదు. ముందు చక్రం మీది రేకు, తలుపు రెండూ మసకగా, మూతి ముడుచుకున్నట్టుంటాయి. ఆయనకు చూపిస్తే, "కొత్త బండికి పాలిష్ ఏమిటి, ఉన్న రంగు కూడా పోతుంది, వదిలెయ్" అన్నారు. నెలాఖరుకి వాళ్ల పెద్ద మేనేజరుగారు మన కారులోనే కొత్త బ్రాంచి ప్రారంభానికి వెళ్తారట. ఈయనకు పదవి పెరిగేదీ లేనిదీ ఆయన చేతిలోనే ఉంది. ఈయన క్యాంపుకి వెళ్లినప్పుడు నేనే పాలిష్ పట్టి, వచ్చేసరికి అద్దంలా చేసి పెట్టాలని నా ఆలోచన. ఏ ప్యాడ్ కొనాలి, ఏ కాంపౌండ్ కొనాలి? బజారుకెళ్తే వంద రకాలు చూపించి తల తిప్పేస్తున్నారు. నీ షెడ్డులో నువ్వు వాడేవేవో చెప్పు.

మా వీధి చివర కుట్టుమిషన్ ఆవిడ గుర్తుందా, కిందటిసారి నీ గళ్ల చొక్కా బిగించి ఇచ్చింది? పాపం, ఈమధ్య వానలో మలుపు దగ్గర ఏదో బండి గుద్ది, ఆగకుండా పోయిందట. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి నుంచి నిన్ననే ఇంటికి తెచ్చారు. ఒంటరి మనిషి. నేను ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్తున్నాను.

నీ చెల్లెలు,
పొట్టి


జూన్ 10

పొట్టీ,

ఉత్తరం అందింది. చేతులకు పాలిష్ మరక ఉంది, కాగితం మీద వేలిముద్రలు పడితే అవి నా సంతకమే అనుకో.

బజారులో ఏమీ కొనకు. ఈ ఉత్తరంతోపాటు పార్సెల్ పంపిస్తున్నాను. అందులో నా పాత మెషిన్, ఊగుతూ తిరిగే చిన్నది, ఉంది. నెమ్మదిగా తీసుకెళ్తే చిన్నపిల్ల కూడా పట్టొచ్చు. మధ్యరకం ఫోమ్ ప్యాడ్లు రెండు, మెత్తనివి రెండు. గట్టిది పంపడం లేదు, పంపితే వాడతావు. దుకాణంవాడు ఉన్ని ప్యాడ్ చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చెయ్. అది గొర్రెలా ఉంటుంది, పులిలా కొరుకుతుంది.

సీసా ఒకటే పంపుతున్నాను, సన్న పాలిష్. గరుకు కాంపౌండ్ జోలికి పోకు. కాంపౌండైనా పాలిషైనా చేసే పని ఒకటే, రంగు మీదున్న గాజులాంటి పైపొరను అరగదీయడం. గీత పోయిందంటే అర్థమేమిటి? గీత పూడలేదు, దాని చుట్టూ ఉన్నదాన్ని గీత లోతుదాకా దించామన్నమాట. అరిగింది మళ్లీ రాదు. అందుకని తక్కువలో తక్కువ ఏది పనిచేస్తుందో చూసి అక్కడ ఆగాలి.

ముందు శుభ్రంగా కడిగి ఆరబెట్టు. నీడలో పెట్టు, రేకు చల్లబడాలి. అంచులకు, రబ్బరు పట్టీలకు టేపు వెయ్. ఎక్కడైనా జానెడు చోటు తీసుకుని మెత్తని ప్యాడ్‌తో చేసి చూడు. గీతలు పోతే సరే, పోకపోతే మధ్యరకం. ప్యాడ్ మీద బఠానీ గింజంత చుక్కలు నాలుగు చాలు. వెన్న రాసినట్టు రాయకు. పాలిష్ పల్చబడి పొగమంచులా మిగిలాక, మెత్తని గుడ్డతో తుడిచెయ్. ప్యాడ్ మీద తెల్లటి మడ్డి చేరుతుంది, దులుపుతూ ఉండు.

ఎడమవైపు మాత్రమే మసక అన్నావు. షోరూములో మురికిగుడ్డతో తుడిస్తే నాలుగు వైపులా ఒకేలా పాడుచేస్తారు. వాళ్లకు కుడీ ఎడమా పక్షపాతం ఉండదు. చేసి చూసి రాయి.

మరిదిగారిని ఆశ్చర్యపరచాలని నీ తాపత్రయం. ఆయన నిన్ను ఎప్పుడు ఆశ్చర్యపరిచారో గుర్తులేదు. సరే, నోరు మూసుకుంటాను.

అక్క


జూన్ 19

అక్కకు,

ఆయన క్యాంపుకి వెళ్లారు, నేను రంగంలోకి దిగాను. పాత నైటీ, తలకు గుడ్డ. ఎదురింటావిడ నన్ను పనిమనిషి అనుకుని, వాళ్లింటికీ వస్తానా అని అడగబోయి ఆగిపోయింది.

కుడి తలుపు మీద మెత్తని ప్యాడ్‌తో మొదలుపెట్టాను. తుడిచి చూస్తే ఆ సాలెగూడు ఏదీ లేదు. నా మొహం, నా వెనక గోడ, గోడ మీద కాకి, అన్నీ తలుపులో కనిపించాయి. నీకు ఈ పని మీద ఎందుకంత పిచ్చో మొదటిసారి అర్థమైంది. బానెట్ కుడి సగం, పైకప్పు, వెనక భాగం, అన్నీ అలాగే వచ్చాయి.

ఎడమవైపుకి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. అదే ప్యాడ్, అదే పాలిష్, అవే నాలుగు చుక్కలు. మెషిన్ జారడం మానేసి పట్టుకుని లాగుతున్నట్టుంది. ఎత్తి చూస్తే ప్యాడ్ నీలంగా ఉంది. తుడిచిన గుడ్డ కూడా నీలమే. కుడివైపంతా తెల్లటి మడ్డే వచ్చింది, నీలం చుక్క కూడా రాలేదు. భయపడి ఆపేశాను. నేను ఎక్కువ నొక్కానా? ప్యాడ్ తప్పా? మధ్యరకం వేస్తే సరవుతుందా? ఆయన వచ్చే శుక్రవారం వస్తారు, ఈలోగా ఏదో ఒకటి చెప్పు తల్లీ.

కుట్టుమిషన్ ఆవిడకు రోజూ భోజనం తీసుకెళ్తున్నాను. ఎందుకో ఆవిడ నాతో మాట్లాడదు. క్యారియర్ తీసుకుని, గోడవైపు తిరిగి తింటుంది. గిన్నెలు కడిగి ఇవ్వాలని చూస్తుంది, లేవలేదు కదా. "నొప్పి ఎక్కువగా ఉందా అండీ" అని అడిగితే, "ఉండాల్సినంత ఉంది" అంది. నాకు మనసు చివుక్కుమంది. బాధలో ఉన్న మనిషి మాటను తప్పుపట్టకూడదని సర్దుకున్నాను.

నీ
పొట్టి


జూన్ 24

పొట్టీ,

నీ తప్పేమీ లేదు. ముందు అది మనసుకు పట్టించుకో, తర్వాతది చదువు.

కంపెనీ నుంచి వచ్చిన కొత్త కారుకి రంగు మీద గాజులాంటి పైపొర ఉంటుంది. నువ్వు రుద్దేది దాన్నే. అందుకే మడ్డి తెల్లగా వస్తుంది. ప్యాడ్ నీలమైందంటే అక్కడ పైపొర లేదు, నువ్వు రంగునే రుద్దుతున్నావు. కంపెనీవాడు అలా పంపడు. ఆ రేకుకీ తలుపుకీ తర్వాత ఎవరో రంగు వేశారు. అదీ తొందర తొందరగా, చౌకగా. రంగు ఇంకా లోపల ఆరలేదు, అందుకే ప్యాడ్‌ను పట్టి లాగింది. తలుపు తెరిచి రబ్బరు పట్టీ కొంచెం పక్కకు తీసి చూడు, టేపు వేసిన చోట రంగు గట్టు కట్టి ఉంటుంది. రేకు బిగించిన నట్లు చూడు, ఎవరైనా రెంచీ పెట్టి విప్పి ఉంటే వాటి మీది రంగు లేచి ఉంటుంది. ఉన్నాయా లేవా?

పైన పటారం లోన లొటారం అనేది ఇందుకే. నీ కారు వారం ఆలస్యంగా వచ్చిందన్నావు. ఆ వారం అది ఎక్కడుంది?

నేను అడగక్కర్లేదు, అయినా అడుగుతున్నాను. మీ కుట్టుమిషన్ ఆవిడను గుద్దింది ఏ రోజు? మరిదిగారు తడిసి వచ్చి అన్నం తినకుండా పడుకున్న రోజేనా?

పెళ్లికి ముందు నేను ఒక మాట అన్నాను, అతని నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోతుంది, కళ్లదాకా రాదని. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు నువ్వు. చెప్పానా?

అక్క


జూలై 1

అక్కకు,

నీ ఉత్తరం చదివి ముందు కారు దగ్గరకు వెళ్లి చూశాను. తర్వాత ఆయన్ని అడిగాను. నువ్వనుకున్నట్టు ఆయన తడబడలేదు. నన్ను కూర్చోబెట్టి చెప్పారు. షోరూము యార్డులో ఇంకో కారు వెనక్కి వస్తూ మన కారు ఎడమవైపు రాసుకుందట. ఇంకో కారు కావాలంటే మూడు నెలలు పడుతుందన్నారట. నేను ఎంత ఆశపడి ఉన్నానో తెలుసు కాబట్టి, రంగు వేయించి ఇమ్మన్నారట. "నీ మొహం చిన్నబోతుందని చెప్పలేదు, అంతే" అన్నారు. అవును, టేపు గట్టు ఉంది. నట్ల మీద రంగు లేచింది. అన్నీ ఉన్నాయి. అన్నిటికీ కారణం కూడా ఉంది.

ఇక రెండో మాట. అది రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది? ఆ ఆవిడను గుద్దింది ఆ రోజే. ఆ రోజు ఈ ఊళ్లో వానలో ఎన్ని బండ్లు తిరిగాయో నీకు తెలుసా? రేకు మీద రంగు చూసి మనిషి లోపల ఏముందో చెప్పే విద్య కూడా నేర్చావా?

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు, తెచ్చుకున్నా ఫరవాలేదు. నాకు ఇల్లు కుదిరింది, మొగుడు కుదిరాడు, కారు వచ్చింది. నీ షెడ్డులోకి రోజూ వచ్చేవన్నీ పరాయివాళ్ల కార్లు. మెరిపించి తాళాలు వాళ్లకిస్తావు. నా కారుకి మచ్చ దొరికేసరికి నీ ప్రాణం లేచొచ్చింది కదూ?

మెషిన్, మిగిలిన ప్యాడ్లు తిరిగి పంపుతున్నాను. నీలమైన ప్యాడ్ ఒకటి పారేశాను.

చెల్లెలు


జూలై 6

నీకు,

పార్సెల్ అందింది. మెషిన్ తీగ సరిగ్గా చుట్టలేదు, లోపల తెగింది. ఫరవాలేదు.

ఈర్ష్య అన్నావు. మంచిది. ఈర్ష్య ఉన్నవాళ్లకు కళ్లు బాగా కనిపిస్తాయి. యార్డులో ఇంకో కారు రాసుకుంటే తలుపు మీద అడ్డంగా గీత పడుతుంది, రేకు ముందుభాగం సొట్టపోయి మార్చాల్సిన పని ఉండదు. షోరూమువాళ్లే వేయిస్తే పైపొర లేకుండా వేయరు, వాళ్లకు కొలత మెషిన్లుంటాయి. సందులో షెడ్డు, తలుపులు మూసుకుని, రసీదు అడగని పని అది. అలాంటి పని నా దగ్గరకూ వస్తుంది, "అక్కా, ఎవరికీ చెప్పకు" అంటూ. నేను చెయ్యను. చేసేవాళ్లు నాకు తెలుసు.

నువ్వు అడగలేవు కాబట్టి నేనే అడిగాను. మరిదిగారికి ఆఫీసు చిరునామాకి ఉత్తరం రాశాను. మూడు ప్రశ్నలు: ఆ వారం కారు ఎక్కడుంది, రంగు ఏ షెడ్డులో వేశారు, ఆ వానలో మలుపు దగ్గర ఏం తగిలింది. వాటికి సమాధానాలు ఆయన నీకు చెప్పాలి, లేకపోతే నేను వచ్చి ఆ కుట్టుమిషన్ ఆవిడ మంచం పక్కన కూర్చుని చెబుతాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది ఎవరో చూద్దాం.

నన్ను తిట్టు. కానీ నేను చెప్పింది అబద్ధమని మాత్రం రాయలేవు. <u>చెప్పానా లేదా?</u>

అక్క


జూలై 17

అక్కకు,

నువ్వు గెలిచావు. ఎలా గెలిచావో వివరంగా రాస్తాను, సగం తెలిస్తే నీకు నిద్ర పట్టదు.

ఆయన నీ ఉత్తరం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు. నేను చదివేదాకా నిలబడే ఉన్నారు. "మీ అక్క నన్ను జైలుకి పంపేదాకా ఊరుకోదు" అన్నారు. "పంపేంత పని చేశారా" అని అడిగాను. కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. కారు తీసుకుని వస్తున్నారు. వాన. మలుపులో ఏదో తగిలింది. అద్దంలో చూస్తే గొడుగు దొర్లుతోంది. "దిగితే జనం కొట్టి చంపేవాళ్లు. నువ్వు చెప్పు, దిగేవాడెవడు?" అని నన్నే అడిగారు. తిన్నగా ఊరి బయటికి పోయి, సందులో ఒక షెడ్డులో కారు పెట్టి, నడిచి ఇంటికొచ్చారు. మర్నాడు ఆసుపత్రిలో ఎవరి ద్వారానో కనుక్కున్నారట. "ప్రాణానికేం కాలేదు కదా" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో నిజంగానే ఊరట కనిపించింది. నాకు అది చూసే భయమేసింది.

నేను క్యారియర్ లేకుండా కుట్టుమిషన్ ఆవిడ దగ్గరకు వెళ్లాను. మంచం మీద దిండుకి ఆనుకుని, ఒళ్లో ఎవరిదో లంగా పెట్టుకుని చేత్తో అంచు కుడుతోంది. మిషన్ తొక్కలేదు కదా. నా చేతుల వైపు చూసి, "ఇవాళ్టితో సరా?" అంది.

నేను కిందే కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు, ఆశ్చర్యపోలేదు. అంతా విన్నాక, "మీకు ఇప్పుడే తెలిసిందా?" అని అడిగింది.

"మీకు ముందే తెలుసా?"

"పడ్డప్పుడు స్పృహలోనే ఉన్నానమ్మా. నీలం కారు. నంబరు లేదు. ముందు షోరూమువాళ్లు కట్టిన ఎర్ర రిబ్బను ఉంది. ఆసుపత్రి నుంచి తెచ్చి ఈ మంచం మీద పడుకోబెడితే, కిటికీలోంచి మీ ఇంటి ముందు అదే కారు కనిపించింది. మర్నాడే మీరు క్యారియర్ పట్టుకుని వచ్చారు. ఓహో, ఇదన్నమాట సంగతి అనుకున్నాను."

"ఏ సంగతి?"

"నేను నోరు తెరవకుండా ఉండేందుకు అన్నం పెడుతున్నారు అనుకున్నా."

అక్కా, నేను రోజూ వేడివేడిగా తీసుకెళ్లాను. ఆవిడ పళ్లు సరిగా లేవని కూర మెత్తగా ఉడికించాను. ఆవిడ గోడవైపు తిరిగి తిన్నది అందుకు. "మరి ఎందుకు తిన్నారు?" అని అడిగాను. అడక్కూడదు, నోరు జారింది.

"తినకపోతే ఎముక అతకదు కదా" అంది. "ఒక్కోరోజు మీ గిన్నె విసిరికొట్టాలనిపించేది. ఆకలేసేది. తినేదాన్ని. నన్ను గుద్దినందుకు కాదు, నాచేత అది తినిపించినందుకు మీరంటే అసహ్యం వేసేది."

"నా మొహం చూస్తే అలాంటిదానిలా కనిపించానా అండీ?"

"పోలీసులకు చెబితే ఎవరు నమ్ముతారు, పని ఇచ్చేది ఈ వీధివాళ్లే, రేపు ఎవరూ గుడ్డముక్క ఇవ్వకపోతే ఏం తినాలి, ఇవి చూసుకున్నాను. మీ మొహం చూసే తీరిక నాకెక్కడుందమ్మా."

ఆవిడకు ఏం కావాలో అడిగాను. అంచు చివరిదాకా కుట్టింది. తర్వాత దారం కత్తిరించి, "పోలీసుల దగ్గరకు వచ్చి నా పక్కన నిలబడి చెబుతారా?" అంది. చెప్పాను. స్టేషన్‌లో ఆవిడను కుర్చీతో సహా ఎత్తి లోపలికి తెచ్చారు. ఎడమవైపు రంగు సంగతి నేనే చెప్పాను, నువ్వు రాసినట్టే, టేపు గట్టు, నట్లు, పైపొర. రాసుకునే అతను, "మీరు ఈ పని చేస్తారా" అని అడిగాడు. మా అక్క చేస్తుంది అన్నాను.

కారు స్టేషన్ ఆవరణలో ఎండలో ఉంది. ఆయన బెయిలు మీద వచ్చి వాళ్ల అన్నయ్య ఇంట్లో ఉన్నారు. వెళ్తూ, "కట్టుకున్నవాణ్ణి పట్టించినదానివి, నీకు నీళ్లు ఎలా దిగుతాయి" అన్నారు. దిగుతున్నాయి. అదే ఆశ్చర్యం.

చెల్లెలు


జూలై 22

పొట్టీ,

చదివాను. నువ్వు చేసింది సరైన పని. ఎంతమందికి ఆ గుండె ఉంటుంది.

నా మాట మొదట్లోనే విని ఉంటే నీకు ఇన్ని రోజుల నరకం తప్పేది, పోనీలే. ఆ ఇంట్లో ఒక్కదానివీ ఎందుకు, బట్టలు సర్దుకుని వచ్చెయ్. షెడ్డు మీద గది ఖాళీగా ఉంది, సున్నం వేయిస్తున్నాను. ఎలా బతకాలని దిగులు పడకు, నా దగ్గర పని నేర్చుకో, చెయ్యి మంచిదని కుడివైపు చూసే చెప్పొచ్చు. ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాను. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరికినప్పుడు ఎవరు వచ్చి తీసుకెళ్లేవారు? నేనే కదా. ఇప్పుడూ నేనే.

నీ అక్క


జూలై 28

అక్కకు,

నువ్వు ఆదివారం వచ్చావు. తలుపు తీయలేదు. లోపలే ఉన్నాను, నీ చెప్పుల చప్పుడు విన్నాను. రెండుసార్లు కొట్టి, మూడోసారి అరచేత్తో కొట్టి, మెట్ల మీద కూర్చున్నావు. బస్సు వేళకు లేచి వెళ్లావు. ఎందుకు తీయలేదో చెప్పడం నా బాధ్యత, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు చెప్పింది ప్రతి మాటా నిజమే. నువ్వు చెప్పకపోతే నేను ఆ కారులో కూర్చుని ఊరేగుతూ, దాని కింద పడ్డ మనిషికి అన్నం పెట్టి పుణ్యం చేస్తున్నాననుకుంటూ బతికేదాన్ని. దానికి నీకు రుణపడి ఉన్నాను. ఈర్ష్య అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. ఆ ఆవిడకు ఎలా ఉందని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. నేను మొదటి ఉత్తరంలో రాస్తే నువ్వు ప్యాడ్ల గురించి రాశావు. తర్వాత ఆవిడను నా మొగుడి మీద సాక్ష్యంగా అడిగావు, మనిషిగా అడగలేదు. నన్నూ అడగలేదు. 'చెప్పానా' అని మాత్రం అడిగావు, దాని కింద గీత గీసి. నా సంసారం కూలుతుందని తెలిసి రాస్తున్న ఉత్తరంలో ఆ గీత గీయడానికి స్కేలు వెతుక్కున్నావు అక్కా. వంకర పోకుండా ఉంది.

అబద్ధం చెప్పినందుకు ఆయన్ని నేను ఎప్పటికీ క్షమించను. నిజం చెప్పినందుకు నీ మీద కోపం లేదు. అది చెబుతున్నప్పుడు నీకు కలిగిన సంతోషాన్ని మాత్రం మరిచిపోలేకపోతున్నాను. కొన్నాళ్లు రావద్దు. రాయవద్దు. గదికి సున్నం వేయించావు కదా, ఎవరికైనా అద్దెకివ్వు.

కుట్టుమిషన్ ఆవిడకు రేపటి నుంచి కర్ర పట్టుకుని నడక నేర్పిస్తారట. అన్నం తెస్తే వద్దంది. పక్కన నిలబడనా అని అడిగాను. "మీ కాళ్లు, మీ ఇష్టం" అంది. వెళ్లి నిలబడతాను. పొమ్మంటే బయట బల్ల మీద కూర్చుంటాను.

ఉంటాను,
చెల్లెలు